మడి తడిసేదాకా వెలుగు

అరచేతిలో ఇమిడే లైటు, మూడు వేల ల్యూమెన్ల వెలుగు. ఏటా కొత్తది వస్తోంది, ఏటా పెట్టె మీద అంకె పెరుగుతోంది. గట్టు మీద నడిచే మనిషికి కావలసిన అంకె మాత్రం పెట్టె వెనక, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

త్రీఫేజు కరెంటు రాత్రి ఒంటిగంటకు వచ్చేది. వసారాలో గుడ్డిగా వెలుగుతున్న బల్బు ఒక్కసారి తేటపడేది. ఆ తేడాకే నాన్నకు మెలకువ వచ్చేది. తలపాగా చుట్టుకుని, పార భుజాన వేసుకుని, తలుపు పక్క మేకుకు వేలాడే మూడు సెల్లుల ఇత్తడి లైటు అందుకునేవాడు. అమ్మ వద్దంటున్నా నేనూ వెంటపడేవాణ్ణి. నాకప్పుడు పదకొండేళ్ళు. పల్నాడులో మా ఇంటి నుంచి బోరు దగ్గరికి కిలోమీటరున్నర. సగం డొంక, సగం గట్టు.

నాన్న లైటు ఆపకుండా వేసేవాడు కాదు. ఒకసారి వేసి, ముందున్న నాలుగడుగులూ చూసుకుని, ఆర్పేసి, చూసిన ఆ నాలుగడుగులూ చీకట్లో నడిచేవాడు. మళ్ళీ వేసేవాడు. నేను అడిగితే చేతికిచ్చేవాడు గానీ, "ఊరికే వెయ్యమాక, సెల్లులు అయిపోతయ్" అని మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు. ఆయన లెక్కలో సెల్లుల ఆయుష్షు గంటల్లో ఉండేది కాదు. "ఇయ్యి ఇంకో ఆరు మళ్ళకు వస్తయ్" అనేవాడు. మా బోరు నీళ్ళకు ఒక మడి తడవడానికి నలభై నిమిషాలు పట్టేది. మడి నిండగానే మడవ మార్చాలి. మార్చేటప్పుడు లైటు వెలగాలి. అదే కొలత.

సెల్లులు నీరసపడితే అమ్మ వాటిని చాటలో వేసి ఎండబెట్టేది. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై, చచ్చిందనుకున్న సెల్లు మరికాసేపు పనిచేసేది. అలా ఎండబెట్టిన సెల్లులతో వెళ్ళిన ఒక రాత్రి, కాలవ దాటి మా గట్టు ఎక్కేచోట లైటు వెలగలేదు. నాన్న స్విచ్చిని రెండుసార్లు నెట్టాడు. ఏమీ లేదు. అప్పుడు వినపడింది, కుక్కర్ కూతకు ముందు వచ్చే ఆవిరి లాంటి బుస. నాన్న చెయ్యి నా ఛాతీకి అడ్డం పడింది. రెండో చేత్తో లైటును తొడకేసి కొట్టాడు. కిరసనాయిలు బుడ్డి అంత పచ్చని వెలుగు వచ్చింది. మూడడుగుల దూరంలో రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉంది. ఒంటి మీది గొలుసు మచ్చలు ఒక్కొక్కటీ కనిపించాయి. ఇద్దరం వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చేశాం. ఆ రాత్రి నాన్న మోటారు వేయలేదు. కరెంటు ఉండీ ఆయన మోటారు వేయని రాత్రి నాకు తెలిసి అదొక్కటే.

ఇప్పుడు నేనొక లైటు కోసం ఎదురుచూస్తున్నాను. నెల రోజులైంది. ఒకే ఒక్క సెల్లు, 21700 రకం. పొడవు పదకొండు సెంటీమీటర్లు, సెల్లుతో కలిపి బరువు నూట యాభై గ్రాములు. తయారీదారు చెబుతున్న గరిష్ఠ వెలుగు మూడు వేల ల్యూమెన్లు. మా ఇత్తడి లైటు మూరెడు ఉండేది. అందులో పట్టే మూడు పెద్ద సెల్లులే దగ్గర దగ్గర మూడు వందల గ్రాములు తూగేవి. కొత్త సెల్లులు వేసిన రోజున కూడా అది ఇరవై ల్యూమెన్లు దాటి ఉండదు. ఈ నూట యాభై రెట్ల తేడా ఎలా వచ్చిందో తెలిస్తే, కొత్త లైటును ఏమడగాలో కూడా తెలుస్తుంది.

వేసి ఆర్పే దీపం

ఫ్లాష్‌లైట్ అన్న పేరులోనే నాన్న అలవాటు ఉంది. 1899 జనవరి 10న అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్తకు గొట్టంలో సెల్లులు పేర్చి ఒక చివర బల్బు అమర్చిన దీపం మీద పేటెంటు వచ్చింది. దాన్ని తయారుచేసిన సంస్థ న్యూయార్క్‌లో కాన్రాడ్ హుబర్ట్ నడిపినది. తర్వాతి రోజుల్లో ఎవరెడీగా పేరుపడింది అదే. తొలి దీపాల్లో కొన్నింటిని న్యూయార్క్ పోలీసులకు ఇచ్చి వాడి చూడమన్నారు. అప్పటి సెల్లులకు సత్తువ తక్కువ, కర్బన తీగ బల్బుకు ఆకలి ఎక్కువ. ఎక్కువసేపు వెలిగించే వీల్లేక క్షణం వేసి ఆర్పేవారు. అందుకే అది మెరుపు దీపం అయింది. తొంభై ఏళ్ళ తర్వాత పల్నాడు గట్టు మీద మా నాన్న చేసిందీ అదే పని, అదే కారణానికి.

మన పల్లెల్లో దీన్ని టార్చి అన్నవాళ్ళున్నారు, బ్యాటరీ లైటు అన్నవాళ్ళున్నారు. ఎవరెడీ వారి జీవన్ సాథీ, అలహాబాదు నుంచి వచ్చే జీప్ లైట్లు పెళ్ళిలో అల్లుడికి పెట్టే సామానులో ఉండేవి. రెండు సెల్లులది ఇంటికి, మూడు సెల్లులది పొలానికి. ఐదు సెల్లుల లైటు ఉన్న ఆసామిని ఊళ్ళో ఆ లైటుతోనే గుర్తుపట్టేవాళ్ళం, వీధి మొదట్లో వేస్తే చివర రావిచెట్టు కనిపించేది.

బల్బు ఉన్నంతకాలం ఈ కథ పెద్దగా మారలేదు. తీగ కాలితేనే వెలుగు, కాలడంలో విద్యుత్తు చాలావరకు వేడిగానే పోతుంది. మలుపు వచ్చింది జపాన్‌లో, తోకుషిమా ప్రాంతంలోని నిచియా అనే సంస్థలో. ఎర్ర ఎల్ఈడీని నిక్ హొలోన్యాక్ 1962లోనే చేసి చూపించినా, నీలం రంగుది మాత్రం మూడు దశాబ్దాలు చేతికి చిక్కలేదు. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని మచ్చ లేకుండా పెంచడం అంత కష్టమైంది. ఇసాము అకసాకి, హిరోషి అమానో ఒకవైపు, నిచియాలో షూజీ నకమురా మరోవైపు ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నారు. 1993లో నకమురా కాంతివంతమైన నీలం ఎల్ఈడీని బయటపెట్టారు. ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

నీలం ఎందుకంత ముఖ్యం? తెల్లని ఎల్ఈడీ అనేది అసలు నీలం దీపమే. దాని మీద పసుపు పొడి పూత ఉంటుంది. నీలం కాంతిలో కొంత ఆ పూతను తాకి పసుపుగా మారుతుంది, మిగిలిన నీలం దాంతో కలిసి కంటికి తెలుపు అనిపిస్తుంది. ఈ నీలం, పసుపుల సంగతి గుర్తుంచుకోండి, స్టార్టరు డబ్బా దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

తర్వాతంతా పరుగే. పదేళ్ళకోసారి ల్యూమెన్ ఖరీదు పదో వంతుకు పడిపోతుందనీ, ఒక్కో ఎల్ఈడీ ఇచ్చే వెలుగు ఇరవై రెట్లు అవుతుందనీ శాస్త్రవేత్త రోలాండ్ హైట్జ్ చెప్పిన అంచనా చాలాకాలం నిలబడింది. 2010 చివర క్రీ సంస్థ ఎక్స్ఎమ్-ఎల్ అనే ఎల్ఈడీని ప్రకటించింది. పది వాట్లు ఇస్తే వెయ్యి ల్యూమెన్లు. వేలిగోరు అంత ముక్క అది. లైట్ల మీద మక్కువ ఉన్నవాళ్ళంతా దాన్ని జేబులో పట్టే లైటులో ఎవరు పెడతారా అని ఎదురుచూశారు. 2011లో జీబ్రాలైట్ సంస్థ ఎస్సీ600 తెచ్చింది. ఒకే సెల్లు, 750 ల్యూమెన్లు. నేను మొదటిసారి ఒక లైటు కోసం రోజులు లెక్కపెట్టింది అప్పుడే. ఈ వెలుగు నాన్న చేతిలో ఉంటే ఆ రాత్రి పామును ముప్పై అడుగుల ముందే చూసేవాళ్ళం కదా అన్నదే నా ఆలోచన.

ఎల్ఈడీతో పాటు సెల్లూ మారింది. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ సెల్లు లేకపోతే ఇంత చిన్న గొట్టంలో ఇంత సత్తువ పట్టేది కాదు. సెల్లు పేరే దాని కొలత: 18650 అంటే పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, అరవై అయిదు పొడవు. 21700 అంటే ఇరవై ఒకటి మందం, డెబ్భై పొడవు.

ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయి?

రెండేళ్ళ క్రితం నాన్నకు ఒక లైటు కొని పంపాను. పెట్టె మీద లక్ష ల్యూమెన్లు అని ఉంది, సెల్లు మీద 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంది. మిర్చి కల్లంలో ఉన్న రోజులు. నాన్న కాపలాకు పడుకున్నాడు. అర్ధరాత్రి మబ్బు పట్టి గాలి లేచింది. కాయల మీద పట్టాలు కప్పాలి, అంచుల మీద రాళ్ళు పెట్టాలి. లైటు వేస్తే మొదట కళ్ళు చెదిరాయట. అయిదో నిమిషానికి చెయ్యి కాలింది, పదో నిమిషానికి వెలుగు సగం కాదు, పావు. నాలుగో పట్టా కప్పేటప్పుడు ఆరిపోయింది. సగం కల్లం తడిసింది. తడిసిన కాయ తెల్లబారి తాలుకాయ కింద పోతుంది. రేటు ఎంత పడిపోతుందో గుంటూరు యార్డుకు మిర్చి తోలినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పాత ఇత్తడి లైటుకు కొత్త సెల్లులు తెప్పించుకున్నాడు.

ఆ తప్పు మళ్ళీ చేయకూడదని లెక్క నేర్చుకున్నాను. కష్టమైనదేమీ కాదు, బోరు లెక్కే. సెల్లు ట్యాంకు అనుకోండి. మంచి 21700 సెల్లు 5,000 మిల్లీ ఆంపియర్ అవర్లు, దాని సగటు ఓల్టేజి 3.6. రెండూ గుణిస్తే 18 వాట్ అవర్లు. ట్యాంకులో ఉన్న నీళ్ళు అంతే. మంచి లైటు ఒక వాటుకు నూరు నుంచి నూట ఇరవై ల్యూమెన్లు ఇస్తుంది. అంటే అయిదు వందల ల్యూమెన్లతో నాలుగు గంటలు, వెయ్యితో రెండు గంటల లోపు, మూడు వేలతో ముప్పావు గంట కూడా రాదు. ఎవరి పేరు అచ్చువేసినా, ఎంత ధర పెట్టినా ఒక్క సెల్లు లైటు ఈ లెక్క దాటలేదు. ఇప్పటి మంచి 18650 సెల్లులో పట్టేది 3,500 దగ్గర. దాని మీద 9,900 అని రాసి ఉంటే ఆ ఒక్క అంకెతోనే పెట్టె మూసి వెనక్కి పంపేయవచ్చు. నాకది అప్పుడు తెలియదు.

ట్యాంకు కన్నా ముందు అడ్డుపడేది వేడి. మూడు వేల ల్యూమెన్లకు ముప్పై వాట్ల దాకా కావాలి. ఎల్ఈడీ అందులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా వెలుగు చేస్తుంది, మిగిలినదంతా వేడి. ఇరవై వాట్ల వేడి అంటే రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్ ఐరన్ కక్కే వేడికి కాస్త తక్కువ. అది పిడికిట్లో ఉంటుంది. నూరు గ్రాముల అల్యూమినియం గొట్టానికి ఇరవై వాట్లు ఎక్కుతుంటే నిమిషానికి పదమూడు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర మొదలైతే రెండు నిమిషాల్లో పట్టుకోలేని స్థితికి వస్తుంది. అందుకే లైటులోని చిప్పు ముందే జాగ్రత్తపడి వెలుగు తగ్గించేస్తుంది. ఇది లోపం కాదు, అలా తగ్గించకపోతే ఎల్ఈడీ మాడిపోతుంది, చెయ్యి కాలుతుంది. కంపెనీలు పరీక్షలు చేసేది చల్లని గదిలో. మే నెలలో రెంటచింతలలో పొద్దుగూకినాక కూడా గాలి సెగలా ఉంటుంది. అక్కడ ఆ రెండు నిమిషాలు కూడా దక్కవు.

పెట్టె మీది అంకెలకు ఒక పద్ధతి ఉంది. 2009లో అమెరికాలో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది, మంచి కంపెనీలన్నీ దాన్నే పాటిస్తాయి. లైటు వేసిన ముప్పై సెకన్ల తర్వాత కొలిచిన వెలుగును ల్యూమెన్లుగా రాస్తారు. ఎంత దూరం పడుతుంది అంటే, పున్నమి వెన్నెలంత వెలుగు, పావు లక్స్, ఎంత దూరంలో మిగులుతుందో అంత దూరం. పున్నమి వెలుగులో మనిషి ఆకారం తెలుస్తుంది గానీ పాము తెలియదు, కాబట్టి పెట్టె మీద రెండు వందల మీటర్లు అని ఉంటే పనికొచ్చేది సగమే అనుకోవాలి. ఇక ఎంతసేపు అన్నది అసలు చిక్కు. మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమంతా ఆ లెక్కలోకి వస్తుంది. మూడు వేలతో మొదలై, రెండు నిమిషాల్లో నాలుగు వందలకు దిగి, మూడు గంటలు అక్కడే ఉన్నా పెట్టె మీద మూడు వేల ల్యూమెన్లు, మూడు గంటలు అని పక్కపక్కన రాసుకోవచ్చు. రెండూ నిజాలే. రెండూ ఒకేసారి నిజం కావు.

మంచి తయారీదారు వెలుగు ఎలా తగ్గుతూ పోతుందో గీత గీసి చూపిస్తాడు. ఆ గీత లేని లైటును నేనిక కొనను. నేను ఎదురుచూస్తున్న లైటుకు గీత ఉంది. మూడు వేల దగ్గర నిటారుగా లేచి, రెండో నిమిషంలో జారి, తొమ్మిది వందల దగ్గర బల్లపరుపుగా నిలబడింది. ఆ బల్లపరుపు భాగం మీదే నా ఆశంతా. వెలుగు అలా నిలబడటానికి కారణం లోపలి డ్రైవరు. చవక లైట్లలో సెల్లు ఓల్టేజి 4.2 నుంచి మూడుకు దిగుతుంటే వెలుగూ దిగిపోతుంటుంది. మంచి డ్రైవరు దిగే ఓల్టేజిని సర్దుకుంటూ ఎల్ఈడీకి వెళ్ళే కరెంటును ఒకే మట్టాన ఉంచుతుంది. మోటారుకు ఓల్టేజి పడిపోతే కాయిల్ కాలడం చూసిన రైతుకు ఈ మాట విలువ వెంటనే అర్థమవుతుంది.

ఇంకొకటి. మన కన్ను వెలుగును నిష్పత్తుల్లో చూస్తుంది. రెట్టింపు వెలుగనిపించాలంటే నాలుగింతల ల్యూమెన్లు కావాలి. మూడు వేల నుంచి తొమ్మిది వందలకు దిగినా కంటికి దాదాపు సగమే తగ్గినట్టుంటుంది. గట్టు మీద నడవడానికి మూడు వందలు పుష్కలం. మరి మూడు వేలు దేనికి? రెండు నిమిషాల కోసం. పందుల మంద మొక్కజొన్నలో దిగిన చప్పుడైనప్పుడు, కాలవ అవతల ఎవరో కేకేసినప్పుడు.

ఎరుపు ఎరుపుగా కనిపించాలి

స్టార్టరు డబ్బా దగ్గర నాన్నకు మూడో చెయ్యి కావలసివచ్చేది. ఒక చేత్తో మూత పట్టుకోవాలి, ఇంకో చేత్తో ఫీజు చూడాలి. లైటు చంకలో పెట్టుకుని, ఒళ్ళు వంచి, వెలుగు తీగల మీద పడేలా నిలబడేవాడు. నేను వెంట వెళ్ళడానికి అమ్మ చివరికి ఒప్పుకున్నది అందుకే, లైటు పట్టుకోవడానికి. కొత్త లైట్లలో చాలావాటికి వెనక మూతలో అయస్కాంతం ఉంటుంది. ఇనుప డబ్బాకు అంటిస్తే అలాగే నిలబడుతుంది. రెండు చేతులూ ఖాళీ. ఇన్నేళ్ళలో వచ్చిన మార్పుల్లో నన్ను అన్నిటికన్నా కదిలించినది ఈ చిన్న అయస్కాంతమే.

ఇక రంగు. ఎరుపు, పసుపు, నీలం, మూడు ఫేజులకు మూడు రంగుల తీగలు. నీలం దీపానికి పసుపు పూత వేసి చేసిన తెలుపులో ఎరుపు పాలు తక్కువ. చవక లైటు వెలుగులో ఎర్ర తీగ మట్టిరంగుగా, దుమ్ము పట్టిన పసుపు తీగ తెల్లగా కనిపిస్తాయి. దెబ్బ తగిలితే నెత్తురు ఎంత కారుతోందో కూడా తెలియదు. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్ఐ, నూటికి ఇంత అని. తొంభై దాటితే పగటి రంగులకు దగ్గర. ఆ నీలాన్ని చేసిన నిచియాయే ఇప్పుడు 519ఏ అనే ఎల్ఈడీలో ఈ లోటు తీర్చింది. అలాంటిది వాడితే గరిష్ఠ వెలుగు కాస్త తగ్గుతుంది, పెట్టె మీద అంకె చిన్నదవుతుంది. అందుకే చాలామంది తయారీదారులు దాన్ని వాడరు. నేను ఆ తగ్గుదలను సంతోషంగా ఒప్పుకుంటాను. నాకు రావలసిన లైటు రెండు రకాల్లో దొరుకుతుంది, నేను చిన్న అంకెదే అడిగాను.

ఎంత దూరం కొట్టాలి, ఎంత వెడల్పు పరుచుకోవాలి అన్నది పని మీద ఉంటుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల కాపలాదారులకు దూరం కావాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు ఊపిరాడక పైకి తేలి అంచులకు చేరతాయి. గట్టు మీద నిలబడి లైటు వేస్తే వాటి కళ్ళు ఎర్రగా నిప్పురవ్వల్లా మెరుస్తాయి. ఆ మెరుపు ఎంత ముందు చూస్తే ఏరియేటర్లు అంత ముందు తిరుగుతాయి. చిన్న లైటులో అద్దం చిన్నది కాబట్టి వెలుగు దగ్గరే వెడల్పుగా పరుచుకుంటుంది, దూరం పోదు. వాళ్ళకు పెద్ద తల లైటే మేలు. గట్టు మీద నడిచేవాడికి మాత్రం వెడల్పే కావాలి, పాము ఎప్పుడూ తిన్నగా ఎదురుగానే ఉండదు కాబట్టి.

పాముల సంగతి పాతబడలేదు. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యే, నాట్ల రోజుల్లోనే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల కరెంటు వచ్చింది. ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటలు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఒంటిగంట నడకలు తగ్గాయి. కల్లం కాపలా తగ్గలేదు, పందులు తగ్గలేదు, వానకు తెగిన గట్టు పగలే తెగాలని లేదు. చేతిలో ఫోన్ లైటు ఉందిగా అంటారు. అది యాభై ల్యూమెన్ల లోపు, పైగా తడిచేతిలో జారే వస్తువు, పాము కరిస్తే 108కి చేయాల్సింది కూడా దాంతోనే.

నాన్నకిప్పుడు డెబ్భై ఆరు. కొత్త లైటు సంగతి ఫోన్లో చెప్పాను. ల్యూమెన్లు చెప్పాను, దూరం చెప్పాను, టైప్ సీ చార్జరుతోనే చార్జింగు అవుతుందన్నాను. విడి సెల్లు తీస్తే తాళాలతో కలిపి జేబులో వేయొద్దని, ఇనుము తగిలి షార్టయితే నిప్పు పుడుతుందని గట్టిగా చెప్పాను. అన్నీ విని, "అదంతా సరేరా, ఎంతసేపు ఉంటది?" అన్నాడు.

"తొమ్మిది వందల దగ్గర గంటన్నర పైనే అంటున్నారు, నాన్నా."

"అంటన్నారా, ఉంటదా?"

అది వచ్చాకే చెప్పగలనన్నాను. ఈ నెలాఖరుకు వస్తుందన్నారు. అప్పటికి మొక్కజొన్నకు రెండో తడి పడుతుంది. పగలు కరెంటు ఉన్నా ఆ ఒక్క రోజు రాత్రి మోటారు వేద్దామని, తానూ వస్తానని నాన్న అన్నాడు. లైటును స్టార్టరు డబ్బాకు అంటిస్తాను. మోటారు వేసి, మొదటి మడికి నీళ్ళు వదిలి, గట్టు మీద ఇద్దరం కూర్చుంటాం. మా బోరు నీళ్ళకు ఇప్పటికీ మడి తడవడానికి నలభై నిమిషాలే.